చెప్పుకుంటే ఫోన్ పోతుందనే భయం
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఈ సభలో స్కూలు ఫీజులు, రేషన్, వైద్యసాయం గురించి లెక్క చెబుతుంటాం. ఈసారి రసీదు పుస్తకానికి ఎక్కని కష్టం ఒకటి మీ ముందు పెడుతున్నాం. ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్, యూట్యూబ్ షార్ట్స్ మన పదమూడు పద్దెనిమిదేళ్ల పిల్లల మనసులను ఏం చేస్తున్నాయన్నదే ఆ సంగతి.

ఇవి బెంగళూరు పిల్లల జబ్బులు, నల్లమాడకు రావు అనుకుంటే పొరపాటు. 2024 అసర్ సర్వే జరిగింది పల్లెల్లోనే. 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో నూటికి 82 మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. అలా వచ్చినవాళ్లలో ఆ ముందు వారం చదువు కోసం వాడింది 57 శాతమైతే, సోషల్ మీడియా కోసం వాడింది 76 శాతం.

అయితే మన వైపు ఫోన్ సంగతి కొంచెం వేరు. వానను నమ్ముకున్న శెనక్కాయ పైరు ముంచినప్పుడల్లా ఇంటి మగవాళ్లు బెంగళూరుకో, గల్ఫుకో పోతారు. పిల్లలు తల్లి దగ్గరో, దాదీ దగ్గరో పెరుగుతారు. అలాంటి ఇంట్లో ఫోన్ అంటే ఆటవస్తువు కాదు, అబ్బా ముఖం కనిపించే కిటికీ. కువైట్‌లో డ్యూటీ దిగి ఆయన ఎనిమిదికి ఫోన్ చేస్తే మనకు రాత్రి పదిన్నర. మాటలు పదిహేను నిమిషాల్లో అయిపోతాయి. ఫోన్ మాత్రం పిల్లవాడి దుప్పట్లోకి పోతుంది. ఆ తర్వాత రీల్ మీద రీల్. పుస్తకానికైతే చివరి పేజీ ఉంటుంది, సినిమాకు శుభం కార్డు ఉంటుంది. దీనికి అడుగు లేకుండా చేశారు, కావాలనే చేశారు. ఆ వయసుకు ఎనిమిది గంటల నిద్రైనా కావాలి. రెండింటికి పడుకున్న పిల్లవాడు ఫజర్‌కు లేవడు, లేచినా బడిలో తూగుతాడు, ఇంట్లో విసుక్కుంటాడు. మనం దానికి పొగరు అని పేరు పెడతాం.

ఆడపిల్లల బాధ ఇంకో తీరు. 2021లో ఫ్రాన్సిస్ హాగెన్ అనే మాజీ ఉద్యోగిని ఫేస్‌బుక్ కంపెనీ లోపలి కాగితాలు బయటపెట్టింది. తమ శరీరం బాగోలేదని బాధపడుతున్న సమయంలో ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను ఇంకా పెంచిందని 32 శాతం మంది టీనేజి అమ్మాయిలు చెప్పినట్టు ఆ కంపెనీ సొంత పరిశోధనలోనే ఉంది. అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి 2023లో హెచ్చరిక జారీ చేశారు. రోజుకు మూడు గంటలకు మించి సోషల్ మీడియాలో గడిపే పిల్లలకు దిగులు, ఆందోళన వచ్చే ముప్పు రెట్టింపని అందులో ఉంది. ఫోన్ వల్ల దిగులు వచ్చిందా, దిగులుగా ఉన్న పిల్లలే ఫోన్ పట్టుకుంటున్నారా అన్నది పరిశోధకులు ఇంకా వాదించుకుంటున్నారు. రెండూ నిజమే కావచ్చు. మన ముందున్న పిల్లకు మాత్రం ఆ వాదన తేలేదాకా ఆగే తీరిక లేదు.

మాకు అన్నిటికన్నా భయం పుట్టించేది పిల్లల మౌనం. ఎవడో ఆడపిల్ల ఫోటో మార్చి బెదిరిస్తాడు. ఇంట్లో చెబితే మొదట ఫోన్ పోతుంది, తర్వాత బడి పోతుంది, ఆపైన పెళ్లి మాటలు మొదలవుతాయి. ఆ లెక్క ఆ పిల్లకు బాగా తెలుసు. అందుకే చెప్పదు. మగపిల్లవాడి లెక్క వేరే: ఫోన్ పోతే అబ్బా పోయినట్టే. సోషల్ మీడియా వాడే పిల్లల్లో ఒక ప్రొఫైల్‌ను బ్లాక్ చేయడమో, ఫిర్యాదు చేయడమో తెలిసినవాళ్లు 62 శాతమేనని అదే అసర్ చెబుతోంది. మిగిలినవాళ్లు ఎవర్ని అడగాలి?

ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ల లోపువాళ్ల ఖాతాలు ఆపింది. మన దగ్గరా అలాంటి చట్టం వస్తే రానివ్వండి. నల్లమాడలో ఒక్కో ఫోన్‌ను ఇంటిల్లిపాదీ వాడతారు, ఖాతా వదిన పేరు మీదో మామ పేరు మీదో ఉంటుంది. చట్టం అక్కడిదాకా చేరుతుందని మాకు పెద్ద ఆశ లేదు.

కాబట్టి మేము అడిగేది చిన్నది. మగ్రిబ్ తర్వాత రెండు గంటలు తెరిచి ఉండే ఒక చదువుల గది. ఆడపిల్లలకు వేరే వేళ, వాళ్ల కోసం ఒక టీచరమ్మ. పిల్ల వచ్చి ఏం చెప్పినా, ముందు వినాలి, తిట్టకూడదు, ఆ మాట వీధిలో పడకూడదు. ఆ టీచరమ్మకు మేము పెట్టే షరతు ఇదొక్కటే. పిల్ల ప్రాణం మీదికి వచ్చే మాటైతే మాత్రం దాచకుండా తల్లికి, డాక్టరుకు చేర్చాలి. గోడ మీద రెండు నంబర్లు పెద్ద అక్షరాల్లో రాయిస్తాం. 14416 టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు ఏ వేళైనా ఉచితంగా మాట్లాడొచ్చు, తెలుగులోనే. 1098 పిల్లల సహాయానికి. అంతకు మించిన అవసరం పడితే బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫోన్ అలవాటు ముదిరినవాళ్ల కోసమే 2014 నుంచి షట్ అనే క్లినిక్ ఉంది. తల్లికీ పిల్లకూ బస్సు చార్జీలు సొసైటీ ఇస్తుంది.

గల్ఫులో ఉన్న తండ్రులకు ఒక మనవి. వారంలో కొన్ని రోజులైనా డ్యూటీకి పోయే ముందు ఫోన్ చేయండి. కువైట్‌లో తెల్లవారుజామున నాలుగున్నరైతే మనకు ఏడు, పిల్ల జడ వేయించుకునే వేళ.

ఇక డబ్బు సంగతి. గదికి, జీతానికి జకాత్ వాడకూడదని చాలామంది ఉలమాల మాట. అందుకని దీన్ని సదఖా పద్దులో వేరుగా పెడుతున్నాం. బస్సు చార్జీలు, మందులు బీద కుటుంబం చేతికే ఇస్తాం కాబట్టి అవి జకాత్ పద్దులో ఉంటాయి. రసీదు రాయించుకునేటప్పుడు ఏ పద్దుకో చెప్పండి. జీతం నెలనెలా ఇవ్వాల్సింది, అందుకే ఒకసారి ఇచ్చే పెద్ద మొత్తం కన్నా నెలకు కొంత చొప్పున ఏడాదికి ఒప్పుకునేవాళ్లు మాకు ఎక్కువ అవసరం.