మిలిటరీ ఆయనా, పిల్లల తల్లీ



బందరు, గుడివాడ, అవనిగడ్డ పక్క చాలా ఊళ్లలో “మిలిటరీ ఆయన” అనే మనిషి ఒకరు ఉంటారు. ఆయన అసలు పేరు చాలామందికి తెలియదు. తెల్లవారకముందే లేస్తాడు. చొక్కా మడత నలగదు. సిపాయిగా చేరినవాడు పదిహేను, పదిహేడేళ్లు నౌకరీ చేసి దిగిపోతాడు. అప్పటికి అతని వయసు నలభై లోపే. 2022లో మొదలైన అగ్నివీరుల పద్ధతిలో అయితే చాలామంది నాలుగేళ్లకే ఇంటికి వచ్చేస్తారు. పింఛను ఉన్నా లేకపోయినా ఒంట్లో సత్తువ ఉంటుంది. నేర్చుకున్న పని ఉంటుంది. కానీ ఊళ్లో ఆయనకు అప్పగించే పని ఏమిటి? బ్యాంకు గుమ్మం దగ్గర కాపలా. అంతేనా?

ఇంకో మనిషి ఉంది. పిల్లల తల్లి. ఏ పిల్లకు ఏం భయమో, ఏ పిల్లాడు అన్నం తినకుండా బడికి వెళ్లాడో ఆమెకు తెలుసు. ఆమెను కూడా ఎవరూ పిలవరు. బడిలో జెండా పండుగ రోజున పిలిస్తే చివరి వరసలో కూర్చోబెడతారు.

ఈ ఇద్దరూ కలిసి పిల్లల దళాన్ని నడిపే పని ఒకటుంది. దాని పేరు స్కౌట్లు, గైడ్లు. మగపిల్లలు స్కౌట్లు, ఆడపిల్లలు గైడ్లు. పాతకాలం తెలుగులో స్కౌట్లను బాలభటులు అనేవారు. భటులు అన్నారు గదా అని తుపాకీ ఉంటుందనుకోకండి. తుపాకీ ఉండేది ఎన్.సి.సి.లో. అది రక్షణ శాఖ కింద 1948లో మొదలైంది. మరుసటి ఏడు ఆడపిల్లలకూ వచ్చింది. అది వేరు, ఇది వేరు. స్కౌటు చేతిలో ఉండేవి ఒక కర్ర, ఒక తాడు. మెడలో ఒక రుమాలు. ఆ రుమాలు మూడు మూలల గుడ్డ. సోకుకు కట్టేది కాదు. చెయ్యి విరిగినవాడికి ఆ గుడ్డనే మెడకు వేసి చెయ్యి ఆనించి కడతారు.

దీన్ని మొదలుపెట్టింది ఎవరో తెలుసా? ఒక సైనికుడే. ఇంగ్లండు దేశపు బేడెన్ పవెల్. 1899లో ఆయన దక్షిణాఫ్రికాలో మాఫెకింగ్ అనే చిన్న పట్నంలో ఉన్నాడు. శత్రువులు పట్నాన్ని చుట్టుముట్టారు. 217 రోజులు ముట్టడి సాగింది. లోపల ఉన్న సిపాయిలు తక్కువ. అప్పుడు ఊళ్లోని కుర్రవాళ్లను ఒక దళంగా చేశారు. కబుర్లు మోయడం వాళ్ల పని. మొదట గాడిదల మీద తిరిగారు. తర్వాత తిండి చాలక ఊరు ఆ గాడిదలనే తినవలసి వచ్చింది. పిల్లలు సైకిళ్లెక్కారు. గుండ్లు పడుతున్నా కబురు చేరవేశారు. పిల్లలను గుండ్ల మధ్యకు పంపడం మంచిపని అని ఎవరూ అనరు. కానీ ఒక సంగతి ఆ సైనికుడి మనసులో నాటుకుంది. నమ్మి బాధ్యత అప్పగిస్తే పిల్లలు నిలబడతారు.

1907 ఆగస్టులో ఆయన ఇరవై మంది కుర్రవాళ్లను బ్రౌన్‌సీ అనే చిన్న లంకకు తీసుకువెళ్లాడు. కొందరు కలిగినవాళ్ల పిల్లలు, కొందరు కాయకష్టం చేసుకునేవాళ్ల పిల్లలు. అందర్నీ కలిపి ఒకే డేరాల్లో పడుకోబెట్టాడు. ఒకే వంట. ముడులు వేయడం, నిప్పు రాజేయడం, దెబ్బ తగిలితే కట్టు కట్టడం నేర్పాడు. 1908లో పుస్తకం రాశాడు. 1909లో లండనులో స్కౌట్ల సభ పెడితే, పిలవకుండానే కొందరు ఆడపిల్లలు అవే టోపీలు పెట్టుకుని వచ్చి నిలబడ్డారు. “మేమూ స్కౌట్లమే” అన్నారు. పొమ్మంటే పోలేదు. మరుసటి ఏడు వాళ్లకోసం గైడ్లు మొదలయ్యాయి. అడగకపోతే వచ్చేదే కాదు.

సైనికుడి కథ అయింది. ఇప్పుడు తల్లి కథ.

1909లో మన దేశంలోనూ స్కౌట్లు వచ్చాయి. కానీ మొదట్లో తెల్లవాళ్ల పిల్లలకే. మన పిల్లలకు చోటు లేదు. మన పిల్లలకు బాధ్యత అప్పగిస్తే రేపు దేశాన్నే అడుగుతారని దొరల భయం. 1916లో మద్రాసులో అనీబిసెంటు, అరండేలు అనే ఆయనతో కలిసి, భారతీయ పిల్లలకు వేరుగా స్కౌట్ల సంఘం పెట్టింది. టోపీకి బదులు తలపాగా. పాటలు మన భాషల్లో. అప్పటికి ఆమెకు డెబ్బై దగ్గర పడుతున్నది. మదనపల్లె కాలేజీ పెట్టించింది కూడా ఆమే.

ఆమె ఇద్దరు పిల్లల తల్లి. పడుచు వయసులో, ఇంగ్లండులో ఉన్నప్పుడు, ఆమె భావాలు నచ్చలేదని కోర్టు ఆమె కూతురిని ఆమె దగ్గరనుంచి తీసేసింది. కన్నబిడ్డను పెంచుకోనివ్వని ఆడమనిషి, తర్వాత మరో దేశంలో వేలమంది పిల్లలకు చోటు చేసింది. 1917లో ఇంగ్లీషు సర్కారు ఆమెను నిర్బంధించింది. విడుదలయ్యాక అదే ఏడాది కాంగ్రెసు అధ్యక్షురాలయింది. స్వతంత్రం వచ్చాక, 1950 నవంబరు 7న, దేశంలోని స్కౌట్ల సంఘాలు ఒకటయ్యాయి. గైడ్లు 1951లో కలిశారు. అదే భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్.

“ఇదంతా బాగానే ఉంది. మన లంకల్లో పిల్లలకు దీంతో ఏం పని?” అని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా.

1977 నవంబరు 19. శనివారం. దివిసీమ పెద్దవాళ్లకు ఆ తేదీ చెప్పనక్కరలేదు. సముద్రం ఊళ్లమీదికి వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. సర్కారు లెక్కలోనే చనిపోయినవారు 10,000 దగ్గర. తాటిచెట్టును కావలించుకున్నవాళ్లు కొందరు బతికారు. తర్వాత సైనికులు, సేవకులు వచ్చి దారులు తెరిచారు, శవాలు తీశారు. అంతకుముందు 1864 నవంబరు 1న ఇలాంటి ఉప్పెనే బందరును ముంచింది. అప్పుడు పోయినవారు 30,000 అంటారు.

ఆనాడు ఊళ్లలో రేడియోలే తక్కువ. ఇప్పుడు ఫోన్లున్నాయి, తుఫాను షెల్టర్లున్నాయి. అయినా కబురు రావడం వేరు, కబురు అర్థం కావడం వేరు. బందరు రేవులో ఎగరేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. మొత్తమ్మీద పెద్ద అంకె అంటే పెద్ద ప్రమాదం. 10 అంటే మహా ప్రమాదం. 11 అంటే వాతావరణ కేంద్రంతో కబురే తెగిపోయిందని. అంకెలు చదవడం వచ్చిన పిల్ల ఈ మాట ఇంట్లో చెప్పగలదు. ఏ దారిన షెల్టరుకు వెళ్లాలో, ఏ ఇంట్లో నడవలేని ముసలమ్మ ఉన్నదో ముందే రాసి పెట్టుకోగలదు. తుఫాను వచ్చాక పిల్లల్ని వరదలోకి తోయడం కాదు. తుఫాను రాకముందే వాళ్లకు తెలియజేయడం. స్కౌట్ల మాట కూడా అదే: సిద్ధంగా ఉండు.

ముడుల సంగతి చూడండి. పలుపు కట్టడం, మోపు కట్టడం మీకు కొత్త కాదు. కానీ నీళ్లలో పడ్డ మనిషికి వేసే ముడి వేరు. జారుముడి వేసి లాగితే ఉచ్చు బిగిసి ఊపిరి ఆగుతుంది. జారని ఉచ్చు వెయ్యాలి. దాన్ని స్కౌట్లు బోలైన్ అంటారు. ఎంత లాగినా బిగియదు. పని అయ్యాక తేలిగ్గా ఊడుతుంది. పడవల మీద బతికినవాళ్లకు ఇది తెలుసు. సైన్యంలో పనిచేసినవాళ్లకూ తెలుసు. మన పిల్లలకే తెలియదు!

ఇక కాలవలు. గుడివాడ పక్క కాలవ లేని ఊరు ఏది? పిల్లాడు పడితే తోటి పిల్లాడు దూకుతాడు. ఇద్దరూ పోతారు. దళంలో నేర్పేది ఇది: దూకవద్దు. కేక వెయ్యి. కర్ర చాపు. తాడు విసురు. తాడు లేకపోతే మూత బిగించిన ఖాళీ డబ్బా విసురు. బయటికి తీసినవాడిని తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం పాత అలవాటు. అది మంచిది కాదు. ఊపిరి ఆడకపోతే నోటిలో నోరు పెట్టి ఊపిరి ఊదాలి. 108కి ఫోను చెయ్యాలి. ఊపిరి ఊదే పద్ధతి విని నేర్చుకునేది కాదు, తెలిసినవాళ్ల దగ్గర చేసి నేర్చుకోవాలి.

పాముకాటు కూడా అంతే. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు పెరిగితే మోపిదేవిలో సర్పశాంతి యాగం చేశారు. ఎవరి నమ్మకం వారిది. కరిచిన కాలుకు మాత్రం ఆసుపత్రే. కోయవద్దు, పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. కాలు కదపకుండా ఆసుపత్రికి చేర్చాలి.

ఇన్నీ నేర్పేది ఎవరు? మన దగ్గర స్కౌట్ల పని ఎక్కువగా పంతుళ్ల మీదే నడుస్తుంది. వాళ్లలో మంచివాళ్లున్నారు. కానీ పంతులుగారికి బదిలీ అవుతుంది. ఆయన వెళ్లిన రోజున దళం చెదిరిపోతుంది. రుమాళ్లు బీరువాలో పడతాయి. ఊళ్లో ఉండిపోయేది ఎవరు? మిలిటరీ ఆయన. పిల్లల తల్లి. ఇంగ్లండులో, అమెరికాలో ఎన్నో దళాలను నడిపేది తల్లిదండ్రులే. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లూ వాళ్లతో చేరతారు. జీతం లేదు. వారానికి ఒక పూట. మన దగ్గర కూడా బడితో సంబంధం లేకుండా దళం పెట్టుకోవచ్చు. దాన్ని ఓపెన్ యూనిట్ అంటారు.

అయితే ఒక మాట. పటాలం వేరు, పిల్లలు వేరు. “అటెన్షన్!” అని అరిస్తే సిపాయి నిలబడతాడు. పదేళ్ల పిల్ల ఏడుస్తుంది. గుంజీలు తీయించడం, ఎండలో నిలబెట్టడం స్కౌటు పద్ధతి కాదు. ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు ఒక జట్టు. వాళ్లకు వాళ్లలోనే ఒక నాయకురాలు. పెద్దవాళ్లు వెనక ఉంటారు. ఎంత మంచి సైనికుడైనా ముందు శిక్షణ తీసుకోవలసిందే. దాన్ని బేసిక్ కోర్సు అంటారు.

ఇక్కడే తల్లి ఉండాలి. ఆడపిల్లను క్యాంపుకు పంపమంటే ఇంట్లో వచ్చే మొదటి మాట, “ఎవరు చూసుకుంటారమ్మా? రాత్రి ఎక్కడ పడుకుంటారు?” ఈ మాటను పాతకాలపు భయం అని నవ్వేవాళ్లున్నారు. నవ్వవలసిన మాట కాదు. గైడ్ల దళానికి నాయకురాలు ఆడమనిషే ఉండాలి. ఆమెను గైడ్ కెప్టెన్ అంటారు. క్యాంపుకు ఆమెతోపాటు తల్లులు కూడా వెళితే పది ఇళ్ల పిల్లలు కదులుతారు. ఎవరూ వెళ్లకపోతే పది మందీ ఇంట్లోనే ఉంటారు. మగపిల్లలు మాత్రం తాడు పట్టుకుంటారు.

“మాకు చదువు ఈమధ్యనే వచ్చింది, మేమేం చేస్తాం?” అనుకోవద్దు. కెప్టెన్ పని శిక్షణ తీసుకున్నవాళ్లు చేస్తారు. కమిటీలో కూర్చోవడం, పిల్లల పేర్ల పట్టీ చూసి ఎవరు రాలేదో కనుక్కోవడం, వంటకు ఇచ్చిన బియ్యం లెక్క రాయడం, రాత్రి పిల్లల దగ్గర పడుకోవడం, ఇవి తల్లి చెయ్యగలదు. పెద్దమనిషి ఎవరైనా, మిలిటరీ ఆయనైనా, పంతులుగారైనా, ఒక పిల్లను ఒంటరిగా ఎక్కడికీ తీసుకువెళ్లకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి. పిల్ల “నేను వెళ్లను” అంటే కొట్టి పంపవద్దు. కూర్చోబెట్టి అడగండి. అనుమానం ఉంటే 1098కి ఫోను చెయ్యండి. ఆ నంబరు పిల్లలకోసమే.

బడిలో దళం ఉన్నదా అని ముందు హెడ్‌మాస్టరుగారిని అడగండి. ఉంటే ఏ రోజున కూడుతుందో అడగండి. లేకపోతే ఊళ్లోని మిలిటరీ ఆయన ఇంటికి ఒక్కరు కాకుండా నలుగురు కలిసి వెళ్లండి.

క్యాంపు ముందు బడినుంచి ఒక కాగితం వస్తుంది. తల్లిదండ్రులు సంతకం పెట్టవలసిన కాగితం. పిల్ల తొందరపెడుతుంది. “పెట్టమ్మా, అందరూ పెట్టారు” అంటుంది. ముందు చదవండి. ఎక్కడికి వెళుతున్నారు, ఎన్నో తేదీన వెళ్లి ఎన్నో తేదీన వస్తారు, వెంట వెళ్లే ఆడమనిషి ఎవరు, ఆమె ఫోను నంబరు ఎంత, డబ్బు ఏమైనా కట్టాలా, ఇవి అందులో ఉండాలి. తిరిగి వచ్చే తేదీ రాయకపోతే కాగితం వెనక్కి పంపండి. రాయించుకుని, అప్పుడు సంతకం పెట్టండి.