రెండు గంటల అలారం, నలుగురి నిద్ర

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. మన దేశంలో ఇది దాదాపు ఎప్పుడూ సూర్యోదయానికి ముందే మొదలవుతుంది. కారణం వేడి. పరిగెత్తేటప్పుడు కండరాలు ఖర్చుచేసే శక్తిలో ముప్పాతిక వంతు వేడిగానే బయటపడుతుంది. ఆ వేడిని ఒంట్లోంచి తీసేసేది చెమట. చెమట కారితే చాలదు, ఆరాలి. గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు అది ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఆగస్టులో హైదరాబాద్ గాలి, ఏడాదిలో ఎక్కువ కాలం విశాఖ, ముంబై తీరాల గాలి అలాంటివే. పైగా నగరంలో రోడ్లు మూసి ఉంచగలిగేది ఆదివారం పొద్దున కొద్ది గంటలే.

దూరం పెరిగేకొద్దీ వేకువతో పని ఇంకా ఎక్కువ. బ్రెవే అనే సుదూర సైకిల్ సవారీలో 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కి ఇరవై గంటలు గడువు. పెందలాడే బయలుదేరితే తప్ప పగటి వెలుగు దారిలో ఎక్కువ భాగానికి అందదు. హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల 2021 మార్చిలో శ్రీలంకలోని తలైమన్నారు నుంచి ధనుష్కోడికి పాక్ జలసంధి ఈదినప్పుడు నీళ్లలోకి దిగింది తెల్లవారకముందే. ఒడ్డు చేరడానికి 13 గంటల 43 నిమిషాలు పట్టింది. వేకువ వేళను బతిమాలి వెనక్కి జరపడం ఎవరివల్లా కాదు. జరపగలిగింది ఇంట్లో మిగతా పనుల వేళలనే.

హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ఉండే కుటుంబానికి ఈ లెక్క ఎలా వస్తుందో చూడాలి. హైదరాబాద్ మారథాన్ 2011లో మొదలైంది, ఆగస్టు చివరి వారాల్లో ఒక ఆదివారం జరుగుతుంది. పూర్తి మారథాన్ నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. పరుగు ఐదింటికి అనుకుంటే నాలుగుంబావుకల్లా అక్కడ ఉండాలి. సాగర్ రోడ్డు మీదుగా ఎల్బీనగర్ దాటి నెక్లెస్ రోడ్డు చేరడానికి, బండి నిలపడానికి గంటకు పైగా పడుతుంది. మెట్రో మొదటి రైలు నడిచే వేళ అది కాదు. కాబట్టి మూడింటికి ఇల్లు కదలాలి, రెండింటికి లేవాలి. ఇంకో చిక్కు ఉంది. కారు పీపుల్స్ ప్లాజా దగ్గర పెడితే పరుగు ముగిసేది ఊరికి ఇంకో కొసన. దింపిన మనిషి కారును గచ్చిబౌలికి తీసుకురావాలి, లేదా ఇంటికి వెళ్లి కాసేపు నడుం వాల్చి తర్వాత బొంగులూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి రావాలి. ఈ రెండోదే మేలు. నాలుగు గంటల పాటు కారులో కూర్చోబెట్టిన పిల్లలు మరుసటి ఏడాది రామంటారు.

చాలామంది ముందురోజు రాత్రి ఏడున్నరకే పడుకోబోతారు. శరీరం ఒప్పుకోదు. ఒంటి గడియారం మెదడు అడుగున ఉండే ఒక చిన్న కణాల ముద్ద. అలాంటి గడియారం కణం లోపల ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. రోజూ నిద్రపోయే వేళకు ముందు రెండు మూడు గంటలు ఈ గడియారం మనిషిని గట్టిగా మెలకువలో నిలబెడుతుంది. పదిన్నరకు పడుకునే అలవాటున్న వాళ్లకు ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా కన్ను మూతపడని వేళ. నిద్ర రాలేదన్న దిగులు దాని మీద ఇంకో బరువు. తెల్లవారుజామున కూడా ఇదే గడియారం అడ్డు తగులుతుంది. ఒంటి ఉష్ణోగ్రత అన్నిటికంటే తగ్గేది రోజూ లేచే వేళకు సుమారు రెండు గంటల ముందు. ఆరింటికి లేచే మనిషికి అది నాలుగు గంటల వేళ. అలాంటి మనిషి రెండింటికే లేస్తే మత్తు వదలదు, ముద్ద దిగదు.

దీనికి విరుగుడు ఒక రాత్రిలో లేదు. పది రోజుల ముందు నుంచి రోజుకు పావుగంట చొప్పున పడక, మెలకువ రెండూ ముందుకు జరపాలి. లేవగానే వెలుగులోకి రావాలి. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట మీద పొద్దు పొడిచే వేళ నడక ఇందుకు చక్కగా పనికొస్తుంది. రాత్రి దీపాలు, ఫోను తగ్గించాలి. కాఫీలోని కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది కనుక సాయంత్రం కాఫీ మానుకోవాలి. ఇంతా చేసి ఆ చివరి రాత్రి నాలుగు గంటలే నిద్ర పట్టినా కంగారు అక్కర్లేదు. ఒక్క రాత్రి కొంత నిద్ర తగ్గితే పరుగుకు కలిగే నష్టం చిన్నది. వారమంతా రోజుకో గంట తగ్గితే కలిగేది పెద్దది.

మన ఇళ్లకు ఈ పద్ధతి కొత్తది కాదు. తిరుమల సుప్రభాత సేవకు టికెట్లు దొరికిన కుటుంబం ముందురోజు ఏం చేస్తుందో అందరికీ తెలుసు. తేలికగా తింటారు, బట్టలు తీసి పెట్టుకుంటారు, పిల్లలను తొందరగా పడుకోబెడతారు, వేకువన ఒకరినొకరు లేపుకుంటారు. అక్కడ లేచేది అందరూ, వెళ్లేదీ అందరూ. పరుగు దగ్గర వెళ్లేది ఒక్కరు, నిద్ర చెడేది నలుగురికి. ఈ తేడాను గుర్తించని ఇంట్లో రెండో ఏడాదికే సణుగుడు మొదలవుతుంది, అది న్యాయమే కూడా.

ఇక పండుగలు. ముంబై మారథాన్ జనవరి మూడో ఆదివారం. సంక్రాంతికి ఊరెళ్లిన కుటుంబం తిరిగొచ్చే రోజులవి. 2023లో అది జనవరి 15న జరిగింది, సంక్రాంతి కూడా ఆ రోజే. హైదరాబాద్ మారథాన్ శ్రావణ, భాద్రపదాల మధ్య ఇరుక్కుంటుంది. 2023లో ఆగస్టు 27న జరిగితే రెండు రోజుల ముందు వరలక్ష్మీ వ్రతం. 2024లో 25న జరిగితే మర్నాడు కృష్ణాష్టమి. 2025లో 24న జరిగితే మూడు రోజులకు వినాయక చవితి. శ్రావణం పెళ్లిళ్ల నెల కూడా. రాత్రి ముహూర్తాన దగ్గరి బంధువుల పెళ్లి ఉంటే ఆ మర్నాటి మారథాన్ వదులుకోవడమే సరి. పరుగు మళ్లీ వచ్చే ఏడాది ఉంటుంది, మేనకోడలి పెళ్లి ఉండదు. రేసుకు డబ్బు కట్టేముందే పంచాంగం పక్కన పెట్టుకుని ఇంట్లో అందరితో కూర్చుంటే ఈ ఇబ్బందుల్లో సగం పుట్టవు.

రేసు కోసం ఊరు దాటి, అదే ప్రయాణాన్ని కుటుంబ యాత్రగా చేసుకునే వాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. ఇక్కడ వరస ముఖ్యం. పరుగు ముందు, ఊరు చూడటం తర్వాత. విశాఖలో కైలాసగిరి, అరకు తిరిగి నాలుగో రోజు వేకువన బీచ్ రోడ్డు మీద నిలబడితే కాళ్లు అప్పటికే అలసి ఉంటాయి, పిల్లలకేమో తిరుగు ప్రయాణపు హడావిడి. పరుగు మొదట అయిపోతే మిగతా రోజులన్నీ కుటుంబానివే. రాత్రి రైలు దిగి నేరుగా పరుగుకు వెళ్లకూడదు. కొత్త చోట మొదటి రాత్రి మెదడులో ఒక సగం రెండో సగమంత గాఢంగా నిద్రపోదని 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. రెండు రాత్రుల ముందు చేరితే ఆ మొదటి రాత్రి పరుగు ముందురోజు మీద పడదు. గోవాలో ఈత, సైకిల్, పరుగు కలిపి జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 లాంటి వాటిలో సైకిల్‌ను ముందురోజే అప్పగించాలి కాబట్టి ఎలాగూ అంతకుముందే చేరాలి.

ఈ వరస తిరగబడేది లేహ్‌లో పరిగెత్తేటప్పుడు. ఆ ఊరు సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. పల్చటి గాలికి ఒళ్లు అలవాటు పడటానికి రోజులు కావాలి. ఆ రోజులను కుటుంబంతో నింపాలి, మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతితో. విదేశాల సంగతి వేరు. పడమరగా వెళ్లిన వాళ్లకు మొదటి రోజుల్లో తెల్లవారుజామునే తెలివొస్తుంది. హైదరాబాద్ నుంచి లండన్ వెళ్లిన మనిషికి వేకువన లేవడం ఏమంత కష్టం కాదు, పైగా అక్కడి మారథాన్ పొద్దెక్కాకే మొదలవుతుంది. తూర్పుగా వెళ్లేటప్పుడు గడియారం సర్దుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది.

బసలో గది విషయం చిన్నదిగా కనిపించినా రాత్రంతా దాని మీదే ఆధారపడుతుంది. రెండు గదులకు స్తోమతుంటే రెండు తీసుకోవాలి. లేకుంటే బూట్లు, నంబరు కాగితం, నీళ్ల సీసా రాత్రే తలుపు దగ్గర పెట్టుకుని, పెద్ద లైటు వేయకుండా బయటపడాలి. అలారం దిండు కింద వణికేలా పెడితే చాలు.

తిండి గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. వేకువన రెండింటికి పొయ్యి వెలిగించే పని ఇల్లాలిది కాకూడదు. ముందురోజు రాత్రి తెల్లన్నం, పెరుగు; వేకువన రెండు అరటిపళ్లు, రాత్రే వండి పెట్టుకున్న రెండు ఇడ్లీలు. అరవై కిలోల మనిషికి పిండిపదార్థం అరవై గ్రాములకు కాస్త అటూ ఇటూగా అందుతుంది, అది చాలు. మటన్ బిర్యానీ పరుగయ్యాక తినవచ్చు. కొవ్వు కడుపులోంచి కదలడానికి చాలాసేపు పడుతుంది. పరిగెత్తేది ఇల్లాలే అయితే ఆ వారం వంట, పిల్లల బడి సంచీ ఇంకొకరు పూర్తిగా తీసుకోవాలి. అందరి పనీ ముగించి పదకొండింటికి పడుకున్న ఆమె రెండింటికి లేచి 21 కిలోమీటర్లు పరిగెత్తితే ఊరంతా మెచ్చుకుంటుంది. ఆ మెప్పు కంటే ముందు వారం ఇంటి సాయం ఆమెకు ఎక్కువ అవసరం.

పరుగు ముగిశాక కూడా రోజు మిగిలే ఉంటుంది. గుంపులో ఫోన్లు సరిగా పలకవు కాబట్టి కలుసుకునే చోటు ముందే ఒకటి అనుకోవాలి. పిల్లలను ముగింపు వేళకే తీసుకురావాలి. మధ్యాహ్నం గంటన్నర నిద్రను ఎవరూ చెడగొట్టకూడదు. పదిహేడు గంటలు ఏకధాటిగా మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్న మనిషి చురుకుదనం స్థాయికి పడిపోతుందని పరిశోధనలు తేల్చాయి. మన మోటారు వాహనాల చట్టం డ్రైవింగుకు పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములే. వేకువన రెండింటికి లేచి మధ్యాహ్నం నిద్ర కూడా పోని మనిషికి ఆ పదిహేడు గంటలు రాత్రి ఏడింటికి నిండుతాయి. ఆ సాయంత్రం పిల్లలతో నాగార్జునసాగర్ వెళ్లాలనుకుంటే, వంద కిలోమీటర్లకు పైబడిన ఆ దారిలో కారు తాళం ఇంట్లో ఇంకొకరి చేతికి ఇవ్వాలి. నడపగల వాళ్లు ఇంకెవరూ లేకపోతే ప్రయాణాన్ని సోమవారానికి మార్చుకోవాలి.