పాత సాంచా, కొత్త ముక్క
(ఉగాది సభలో చేసిన ఉపన్యాసము)



మేము వక్తలము కాము. మెట్రిక్ వరకు చదివి, రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకొనుచున్నాము. పండుగనాడు రెండు మాటలు చెప్పమని సంఘం పెద్దలు కోరినారు. కవిత్వం మాకు చేతగాదు. నాగావ్ గల్లీలో సాంచాల చప్పుడు మధ్య పుట్టి పెరిగినాము కనుక, మాకు తెలిసిన ఒక సంగతి మనవి చేస్తాము. అది పాత సాంచాకు లేతు దుకాణంలో కొత్త ముక్క చేయించే సంగతి.

మన పెద్దలు కరీంనగరం, నల్లగొండ, ఓరుగల్లు వైపునుండి ఈ భీవండికి వచ్చి సాంచాలు పట్టినారు. వారు పట్టిన సాంచాలలో బొంబాయి మిల్లులు వాడి వదిలివేసినవి చాలా ఉండేవి. వాటి మూలరూపం 1842లో ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ పట్టణంలో కెన్‌వర్తీ, బుల్లో అనే ఇద్దరు తీర్చిదిద్దిన లాంకషైర్ మగ్గం. అటువంటి పాత మగ్గానికి కొన్ని ముక్కలు బజారులో దొరుకుతాయి. సరిగా కూర్చునేవి అన్నీ దొరకవు. అప్పుడు మనకు దిక్కు లేతు మిషను, దాని ముందు నిలబడిన టర్నరు.

మాకు పద్నాలుగేండ్లప్పటి మాట. సాంచాలో నాడె ఒక పెట్టెనుండి ఇంకొక పెట్టెకు పరుగెత్తుతుందని మీకు తెలుసు. పెట్టెలో చేరిన నాడె ఒక మీటను నొక్కితే, కింద ఒక ఇనుప నాలుక పైకి లేస్తుంది. నాడె చేరకపోతే ఆ నాలుక లేవదు. ఎదుటి దిమ్మెకు తగిలి సాంచాను టక్కున ఆపుతుంది. మా బాపు నడిపే సాంచాలో ఆ నాలుక అరిగింది. దానిని మా చేతికిచ్చి లేతు దుకాణానికి పంపినారు. “అసలు కొలత ఎంత బిడ్డా?” అని టర్నరు అడిగినాడు. మాకు తెలియదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడి, “ఇంతే” అన్నాము. ఆయన అంతే చేసి ఇచ్చినాడు.

మూడోనాడు నాడె పడుగు మధ్యలో ఆగిపోయింది. పొట్టి నాలుక దిమ్మెను అందుకోలేదు. సాంచా ఆగలేదు. వందల పోగులు ఒక్కసారిగా తెగినవి. బాపు, అవ్వ రెండు రాత్రులు దీపం కింద కూర్చుండి పోగులు అతికినారు. ఆ వారం కూలి సగమైంది. బాపు మమ్ములను కొట్టలేదు. “తెలియదని చెప్పుటకు సిగ్గెందుకు బిడ్డా? తెలిసినట్టు చెప్పుటకు సిగ్గుపడాలె” అని మాత్రం అన్నారు. ఆ మాట రైల్వే ఆఫీసులో కూడా మాకు పనికివస్తున్నది.

అప్పుడు నేర్చిన పాఠం ఇది: అరిగిన ముక్కను చూసి కొత్త ముక్క చేయిస్తే, అరుగుదల కూడా కొత్తగా తయారై వస్తుంది.

తరువాత సెలవులలో ఆ టర్నరు దగ్గరనే కూర్చుండి కొన్ని సూత్రాలు విన్నాము. షాఫ్టును బుష్షులో తిరిగేచోట కొలవరాదు. ఎన్నడూ రాపిడి తగలని చోట కొలవాలి. బుష్షు రంధ్రాన్ని ఒక్కవైపు కొలిస్తే చాలదు. అడ్డంగా, నిలువుగా కొలిస్తే అది కోడిగుడ్డువలె సాగిందో లేదో తెలుస్తుంది. గేరు చేయించేటప్పుడు పళ్లు లెక్కపెట్టి, రెండు షాఫ్టుల నడిమి దూరం కూడా రాసుకోవాలి. షాఫ్టుకంటె బుష్షు మెత్తగా ఉండాలి. గన్‌మెటల్ బుష్షు తాను అరిగి షాఫ్టును కాపాడుతుంది. బుష్షు మార్చుట చౌక, షాఫ్టు మార్చుట ఖర్చు.

మార్పు చేయదలచినవారికి లెక్క కూడా కావాలి. మోటారు నిమిషానికి 960 చుట్లు తిరిగేదై, దాని పుల్లీ 3 అంగుళాలు, సాంచా పుల్లీ 18 అంగుళాలు అయితే, సాంచా నిమిషానికి 160 పోట్లు వేస్తుంది. చౌకగా దొరికిందని 1440 చుట్ల మోటారు తెచ్చి అదే పుల్లీ బిగిస్తే 240 పోట్లు. పాత బీడు చట్రం అంత వేగాన్ని మోయలేదు. నాడె ఎగిరి మనిషికి తగిలితే ఆ కన్ను తిరిగి రాదు.

ఇది మన సాంచాల సంగతి మాత్రమే కాదు. ఫ్రాన్సులో యుద్ధకాలంలో పెట్రోలు దొరకక, కార్లను గ్యాసుతో నడుపుటకు గాన్యాన్ అనే ఇంజనీరు ఒక వాల్వు చేసినాడు. దానినే మార్చి, 1943లో ఆయన, కూస్టో అనే నౌకాదళ అధికారి కలిసి, నీటి అడుగున ఊపిరి పీల్చే సాధనం తయారుచేసినారు. మొదట మార్న్ నదిలో పరీక్షిస్తే, నిలబడినప్పుడు గాలి వృథాగా పోయింది. తలకిందులైతే ఊపిరి కష్టమైంది. గాలి వచ్చేచోటు, విడిచిన గాలి పోయేచోటు వేరువేరు ఎత్తులలో ఉండుటయే కారణం. రెంటినీ ఒకే ఎత్తున పెట్టగానే సరిపోయింది. ఆ కాలపు సాధనాలకు లేతు మీద ముక్కలు చేసి నేటికీ నీటిలో దిగే అభిమానులు ఉన్నారు. వారికి కొలత తప్పితే ఊపిరి తప్పుతుంది. మనకు కొలత తప్పితే కూలి తప్పుతుంది.

ఇందుకు పెద్ద చదువే అక్కరలేదు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారి బడి చదువు ఆరో తరగతితో ఆగింది. చీరకు ఆసు పోయుటకు వేలసార్లు చేయి ఆడించి తల్లి పడే భుజం నొప్పి చూడలేక, ఏండ్ల తరబడి పాటుపడి 1999లో ఆసు యంత్రం పూర్తిచేసినారు. దానికి తల్లి పేరే, లక్ష్మి అని పెట్టినారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయనకు ముందు తల్లి నొప్పి తెలుసు. తరువాత యంత్రం తెలిసింది.

ఇప్పుడు నాడె లేని రేపియర్ మగ్గాలు వచ్చినవి. పాత సాంచాలు తుక్కుకు పోతున్నవి. సాదా సాంచాలను బాగుచేసుకొనుటకు సహాయం కూడా చేర్చి, కేంద్ర ప్రభుత్వం 2017 ఏప్రిల్ 1న పవర్‌టెక్స్ పథకాన్ని మన భీవండిలోనే ప్రారంభించింది. పథకాలు వస్తాయి, పోతాయి. మన టర్నర్ల, జాబర్ల తలలోని కొలతలు వారితోనే పోతే తిరిగి రావు.

కనుక మా మనవి ఒక్కటే. ఉగాదినాడు గ్రహాల లెక్క పంచాంగంలో విన్నాము. సాంచాల లెక్కకు కూడా ఒక పుస్తకం పెట్టుదాము. ఏ ముక్కకు అసలు కొలత ఎంత, ఏ మార్పు పనికివచ్చింది, ఏది చెడగొట్టింది అని పెద్దలు చెప్పాలి. చదువుకొనే పిల్లలు తెలుగులో రాయాలి. మొదటి పేజీ రాసే పని మాకు ఇప్పించండి. అందులో ఆ ఇనుప నాలుక అసలు కొలత రాస్తాము. బాపును అడిగి తెలుసుకున్నాము.