పీల్చే మందును మింగకండి
(విశ్రాంత ఉద్యోగుల సభలో ఒక విశ్రాంత నర్సు చేసిన ప్రసంగం)



గోదావరిఖనిలో నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. మీలో చాలామందికి నేను ఇప్పటికీ సిస్టరమ్మనే. ఆ చనువుతోనే నా పొరపాటొకటి మీ ముందు చెప్పుకుంటున్నాను.

బాయి పని నుండి దిగిపోయిన కోల్‌ఫిల్లర్ అన్న ఒకరు ఆయాసంతో వచ్చారు. డాక్టరు గారు రాసిన రోటాక్యాప్స్ చేతికిచ్చి, "రోజుకు రెండు" అని చెప్పి పంపాను. నెల తిరిగేసరికి దమ్ము మరీ ఎక్కువైంది. మందు వాడుతున్నారా అని అడిగితే వారి ఇంటావిడ, "మంచిగనే వాడుతుండు సిస్టరమ్మా! పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి నీళ్లతోని మింగుతుండు" అన్నది. తప్పు ఆయనది కాదు, చేసి చూపించని నాది.

సాల్బుటమాల్ మాత్రలో 4 మిల్లీగ్రాముల మందుంటే, రోటాక్యాప్‌లో 200 మైక్రోగ్రాములే, అంటే ఇరవయ్యో వంతు. నేరుగా ఊపిరి గొట్టాలకు చేరుతుంది గనుక అంత చాలు. కడుపులోకి పోతే ప్రయోజనం లేదు.

పొడి మందును వేగంగా, గట్టిగా పీల్చాలి. స్ప్రే పంపునైతే మెల్లగా, లోతుగా పీల్చాలి. రెండింటికీ ముందు ఊపిరి పూర్తిగా వదలాలి, పీల్చాక పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. చేతికీ ఊపిరికీ పొంతన కుదరనివారు పంపుకు స్పేసర్ అడిగి తీసుకోండి.

సాల్బుటమాల్ అప్పటికప్పుడు ఆయాసం తగ్గించేది. బుడెసొనైడ్ వంటి స్టెరాయిడ్ మందు వాపును అణచేది. డాక్టరు రాస్తే, బాగున్న రోజు కూడా మానకూడదు. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి, లేకుంటే నోట్లో తెల్లపూత వస్తుంది. సాల్బుటమాల్ మాటిమాటికీ అవసరమవుతోందంటే డాక్టరును కలవండి.

ముక్కు చుక్కల సంగతి. జైలోమెటజోలిన్, ఆక్సిమెటజోలిన్ చుక్కలు మూడు నుండి ఐదు రోజులు దాటితే, మందు దిగగానే ముక్కు మళ్ళీ బిగుసుకుంటుంది. చుక్కలు లేనిదే నిద్ర పట్టని అలవాటవుతుంది. బి.పి., గుండెజబ్బు ఉన్నవారు అడగకుండా వేసుకోవద్దు.

ఒక నిజం కూడా చెప్పాలి. ఊపిరితిత్తుల్లో పేరుకున్న బొగ్గు దుమ్మును ఏ మందూ కడిగివేయలేదు. మందు ఊపిరిని తేలిక చేస్తుంది, అంతే. కనుక బీడీ మానండి.

ఈసారి ఆసుపత్రికి పోయినప్పుడు మీ పంపు వెంట తీసుకుపోయి, నర్సు ముందే పీల్చి చూపండి. "సరిగ్గానే ఉందా బిడ్డా?" అని అడగండి. అందులో నామోషీ లేదు. ఇది చదివే కోడళ్ళు, మనవలు ఇంట్లో పెద్దాయనతో ఈ రాత్రే ఒకసారి చేయించి చూడండి. ఆ అన్నకు చూపించడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది, కానీ ఆయన అప్పటికే ఒక నెల ఊపిరి పోగొట్టుకున్నారు.