షాంపూని ఊపితే ఏ సమీకరణం గెలుస్తుంది?

ఒక చిన్న పనితో మొదలుపెడదాం. గుడ్డు తెల్లసొనను గిన్నెలో వేసి, స్పూనుతో గిర్రున తిప్పి, టక్కున స్పూను తీసేయండి. నీళ్లయితే ఇంకాసేపు అదే దిశలో తిరుగుతాయి. తెల్లసొన మాత్రం ఆగి, కాస్త వెనక్కి లాగుతుంది. అంటే ద్రవంలా పారుతుంది, రబ్బరులా వెనక్కీ వస్తుంది. వీటినే విస్కోఎలాస్టిక్ ద్రవాలు అంటాం. చిక్కటి షాంపూ కూడా ఈ జాతిదే.

ల్యాబ్‌లో వీటిని రెండు పలకల మధ్య పెట్టి, ఒక పలకను అటూ ఇటూ ఊపుతారు. ఎంత కదిలింది, ఎంత బలం పట్టింది అని కొలుస్తారు. ఇప్పుడు ఆ కొలతకి సరిపోయే సమీకరణం కావాలి కదా!

1867లో మాక్స్‌వెల్ చెప్పిన ఆలోచన చాలా సింపుల్. ఒక స్ప్రింగు, దాని వెనకాలే తలుపులకి పెట్టే డోర్ క్లోజర్ లాంటి ఒక డాంపర్. మెల్లగా ఊపితే డాంపర్ జారుతుంది, అంటే ద్రవం. వేగంగా ఊపితే డాంపర్‌కి జారే టైమ్ ఉండదు, స్ప్రింగే పనిచేస్తుంది. అంటే ఒకే పదార్థం ఊపే వేగాన్ని బట్టి ప్రవర్తన మార్చుకుంటుంది.

1950లో ఓల్డ్‌రాయిడ్ దీన్ని నిజమైన ప్రవాహాలకి సరిపడేలా మార్చాడు. 1982లో గీసెకుస్ అందులో బలం వర్గాన్ని, అంటే స్క్వేర్‌ని, కలిపాడు.

ఇక్కడే అసలు ట్విస్ట్. ఒకే కొలతలు పెట్టి కొద్దిగా ఊపితే ఓల్డ్‌రాయిడ్, గీసెకుస్ రెండూ ఒకే జవాబు ఇస్తాయి. ఏది కరెక్టో చెప్పలేం! గట్టిగా ఊపాలి. ఓల్డ్‌రాయిడ్ లెక్కలో ఊపు రెట్టింపైతే కోత బలం కచ్చితంగా రెట్టింపు, అల ఆకారం కూడా చెక్కుచెదరదు. గీసెకుస్ లెక్కలో బలం రెట్టింపు కన్నా తక్కువ, అల ఆకారం వంకర పోతుంది. షాంపూ నిజంగా చేసేది ఈ రెండోదే. గట్టిగా కదిపితే అది పలచబడుతుంది.

దీనివల్ల మనకేంటి అంటారా? షాంపూని విడతలు విడతలుగా తోసే పంపు డిజైన్ చేస్తున్నారనుకోండి. ఓల్డ్‌రాయిడ్ లెక్కని నమ్మితే అవసరం లేని పెద్ద పంపు కొంటారు.

కాబట్టి గుర్తుపెట్టుకోండి: మెల్లటి పరీక్షలో పాసైన సమీకరణాన్ని అప్పుడే నమ్మకండి. గట్టిగా ఊపి చూడండి.