పాడుపడిన పెరటిని మరల బాగుచేయుట



గ్రంథాలయ రజతోత్సవ సభలో పెరటి కలుపును గూర్చి ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. కాని గోదావరి డెల్టాలో ఏ యూరికేగినను తాళము వేసిన యిండ్లు నాలుగైదు కానవచ్చుచున్నవి. బిడ్డలు హైదరాబాదుననో అమెరికాలోనో స్థిరపడిరి. పెద్దలు వారి వెంట పోయిరి, లేదా గతించిరి. ఇంటికి తాళము వేయవచ్చును గాని పెరటికి వేయుటకు వీలులేదు. రెండు వర్షాకాలములు గడచునప్పటికి నుయ్యి కానరాదు, తులసికోట కానరాదు. తీగలు ప్రహరీ దాటి పొరుగువారి పశువులపాక మీదికి ప్రాకును. పాములును దోమలును కాపురము పెట్టును. ఆ బాధ పడువారు ఊరిలో మిగిలిన పొరుగువారే గాని యింటివారు కారు.

ఇంటివారు దసరాకు వచ్చి, పెరటిని చూచి నొచ్చుకొని, నలుగురు కూలీలను పెట్టి ఒక్క దినమున నరికించి తృప్తితో మరలిపోవుదురు. సంక్రాంతికి వచ్చునప్పటికి అది మరల నడుమెత్తు పెరిగియుండును. కూలీలు సరిగా పనిచేయలేదని నింద! తప్పు కూలీలది కాదు. నరికినంత మాత్రమున చచ్చునది కలుపే కాదు.

ఈ నేల స్వభావమును కొంచెము తలపవలెను. ఇది గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. 1847లో ఆరంభించి 1852 నాటికి ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరమున ఆనకట్టను పూర్తి చేయించిన పిదప కాలువల నీరు ఊరూరికి పారినది. వరిని పండించిన ఆ నీరే తుంగను, గరికను, ఊదను కూడ పెంచుచున్నది. నీటికి పక్షపాతము లేదు. 1986 ఆగస్టులో వచ్చినట్టి పెద్ద వరదలు ఒండ్రుతో బాటు ఎక్కడెక్కడి విత్తనములనో కొనివచ్చి ముంగిళ్ళలో పరచి పోవును. కనుక ఇచట పెరడు పాడుపడుటకు ఏండ్లు పట్టదు.

పెరటికి ముఖ్యశత్రువు తుంగ. ప్రపంచమునందలి కలుపు మొక్కలను గూర్చి 1977లో వెలువడిన ఒక ప్రసిద్ధ గ్రంథము దీనికే ప్రథమస్థాన మిచ్చినది. పైకి జానెడు గడ్డి. క్రింద నల్లని దుంపలు, దారమున గ్రుచ్చిన పూసలవలె ఒకదానివెంట నొకటి. వైద్యులు తుంగముస్తలని వాడునవి ఇవియే. పై గడ్డిని కోసినచో దుంప మరల చిగుర్చును. పారతో చెక్కినచో దారము తెగి, అంతవరకు నిద్రించుచున్న దుంపలు కూడ మేల్కొని మొలకెత్తును. అనగా, అరకొరగా చేసిన పని దానికి సేవ చేసినట్లే. దుంపలలో నెక్కువ భాగము పై ఆరంగుళముల మంటిలోనే యుండును. కొన్ని అడుగు లోతున దాగును. కావున గునపముతో గడ్డలు గడ్డలుగా పెళ్ళగించి, మంటిని విదిలించి, దుంపలను చేతితో ఏరవలెను. దీనికి సరియైన కాలము వేసవి. కాలువలు కట్టివేసియుండును, నేల యెండియుండును. పెళ్ళగించిన గడ్డలను రోహిణి కార్తె యెండలో తిరుగవేయుచు పలుదినము లుంచినచో దుంపలు వట్టిపోవును. వానకాలమున త్రవ్వుట వ్యర్థము. తడినేలలో ప్రతి ముక్కయు మరల నాటుకొనును.

తుంగ కొక బలహీనత కలదు. అది నీడను ఓర్వజాలదు. తొలకరి పడగానే ఖాళీ నేలలో జీలుగనో జనుమునో ఒత్తుగా చల్లి, పూతకు వచ్చు సమయమున మంటిలో కలియద్రొక్కవలెను. వరిచేలకు డెల్టా రైతు చేయు పనియే యిది; పెరటిలో చేయుటకు ఎందుకో ఎవరికిని తోచదు.

రెండవది వయ్యారిభామ. అమెరికా ఖండపు మొక్క; ఈ దేశమున 1955 ప్రాంతమున పూనాలో గుర్తింపబడినది. ఒక్కొక్క మొక్క వేలకొలది విత్తనములను రాల్చును. దీని స్పర్శ కొందరికి దురదను, పుప్పొడి కొందరికి ఉబ్బసమును కలిగించును. దానిని తిను పెంకుపురుగును 1984లో బెంగుళూరు ప్రాంతమున విడిచిరి గాని, పెరటివారు పురుగుకై వేచియుండ నక్కరలేదు. నేల తడిగా నున్నపుడు, పూయకముందే, చేతికి తొడుగు వేసికొని వేళ్ళతో పెరుకవలెను. తుంగకు ఎండ, దీనికి తడి. ఈ భేదమును గుర్తింపక రెంటిని ఒకే దినమున తీయబోవుటచేతనే సగము శ్రమ వృథా యగుచున్నది.

ఇంతకును మొదటి దినమున కత్తి పట్టరాదు. కఱ్ఱతో నేలను తట్టుచు, కాళ్ళకు బూట్లు తొడిగి, పెరడంతయు ఒకసారి తిరిగి చూడవలెను. పొదల నడుమ నిమ్మ బ్రతికియుండవచ్చును, మల్లెదుబ్బు ఉండవచ్చును, ఏ అమ్మమ్మయో నాటిన కరివేపచెట్టు పిలకలు వేసియుండవచ్చును. వానికి గుడ్డపీలికలు కట్టి గురుతు పెట్టవలెను. తొందరపాటున కూలివాని కత్తికి బలియైన కరివేపచెట్లకు లెక్కలేదు. పొన్నగంటి, గలిజేరు, గంగపాయల వంటివి కలుపని పారవేయుట కూడ అవివేకమే; అవి కూరకు వచ్చును.

నరికిన చెత్తను కొబ్బరిచెట్ల మొదళ్ళ దాపున కుప్పవేయుట ఈ ప్రాంతమున జరుగు పెద్ద పొరపాటు. కొబ్బరి మొవ్వును తొలుచు కొమ్ముపురుగు గ్రుడ్లు పెట్టునది క్రుళ్ళుచున్న చెత్తకుప్పలలోను, పేడదిబ్బలలోను, పుచ్చిన కొబ్బరిమ్రాకులలోను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమ కొబ్బరిని నేలగూల్చినది. అట్లు కూలిన మ్రాకులను తొలగింపక వదలినచో నిలిచిన చెట్లకు అవియే ముప్పు. చెత్తను గోతిలో వేసి మంటితో కప్పవలెను. కుప్పగా నున్నదానిని తిరుగవేసి పురుగులను ఏరి చంపవలెను. కాలువలోని గుర్రపుడెక్కను తీసి, చక్కగ ఎండబెట్టి, మొక్కల మొదట పరచిన తేమ నిలుచును.

కలుపుమందు చల్లించిన పోవునుగదా యని కొందరందురు. గ్లైఫోసేటు వాడకమును అనుమతిగల చీడనివారణ పనివారికే పరిమితము చేయుచు కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరులో ఉత్తరువు వెలువరించినది. ప్రక్కనే త్రాగునీటి నుయ్యి యుండగా అట్టి సాహసము తగదు. ఇక నేలయంతయు సిమెంటు చేయించువారు కలరు. వారి పెరటిలో కలుపు మొలవదు నిజమే. వాననీరు కూడ ఇంకదు. అది వీధిలోనికి పారి పొరుగువారి గడపలో నిలుచును.

శుభ్రపడిన నేలను ఖాళీగా వదలరాదు. కొబ్బరి నీడలో అరటి, కంద, పసుపు చక్కగ వచ్చును. పూలమొక్కలకు కడియపులంక నర్సరీలు దగ్గరనే యున్నవి. అయితే కొనితెచ్చిన మొక్క మట్టిముద్దలో తుంగదుంప యొకటి దాగియుండుట కలదు. నాటుటకు ముందు మంటిని వ్రేళ్ళతో తడిమి చూడవలెను. రెండవ యేడు ప్రతి పక్షమునకొకసారి పెరడంతయు తిరిగి, తలయెత్తిన మొలకను దుంపతోసహా తీయవలెను. ఊరిలో లేనివారు ఈ పనిని పొరుగువారి కప్పగించి, అరటిగెలయు కందయు వారినే కోసికొనుమనుట మేలు.