పాత కంప్యూటరు, కొత్త వ్యవస్థ: పంచాయతీ విధులు

(అరకులోయ ప్రాంతపు పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



ఒకనాడు పంచాయతీ వ్యవహారమంతయు తీర్మానముల పుస్తకములోను, నగదు పుస్తకములోను ఇమిడి యుండెడిది. ఆ రెండును బీరువాలో భద్రముగా నున్న చాలును. నేడట్లు కాదు. 2019 అక్టోబరు 2వ తేదీన మన రాష్ట్రమున గ్రామ సచివాలయములు ప్రారంభమైనవి. 2020 ఏప్రిల్ 24వ తేదీన కేంద్ర ప్రభుత్వము ఈ-గ్రామ్‌స్వరాజ్‌ను ప్రవేశపెట్టినది. నాటినుండి గ్రామ ప్రణాళికయు, పద్దులును, చెల్లింపులును కంప్యూటరు ద్వారా సాగుచున్నవి. కావున ఆ యంత్రపు బాగోగులు కార్యాలయ సిబ్బంది పనియని విడిచిపెట్టుటకు వీలులేదు. అవి సభ్యులందరికిని సంబంధించిన విషయములు.

ఎందుకు మార్చవలెను?

కంప్యూటరులోని భాగములన్నిటిని నడిపించు మూల వ్యవస్థకు ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2015 జులైలో వెలువరించిన విండోస్ 10 ఎన్నో కార్యాలయములలో వాడుకలోనికి వచ్చినది. దానికి ఆ సంస్థ ఉచితముగా అందించుచుండిన భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినవి. అంతకుపూర్వపు విండోస్ 7కు 2020 జనవరి 14తోనే గడువు తీరినది.

గడువు తీరిన మాత్రమున యంత్రము ఆగిపోదు. మరునాడును ఎప్పటివలెనే పనిచేయును. అందుచేతనే పలువురు దీనిని లక్ష్యపెట్టరు. చోడి చేనికి కంచె వేసినామనుకొందము. ఏటేట దానిని బాగుచేయువాడు ఇక రానని చెప్పినచో, ఆ రాత్రియే అడవిపందులు చేనిలో పడవు. కాని ఒకచోట ముల్లు జారును. మరియొకచోట గుంజ కూలును. సందు కనబడిననాడు పంట దక్కదు. కంప్యూటరు సంగతియు అంతియే. దొంగలు కొత్త సందులను వెదకుచునే యుందురు. వానిని పూడ్చువారు ఉండరు. ప్రజల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాల వివరములు గల యంత్రము విషయమున ఇట్టి అశ్రద్ధ తగదు.

సంస్థలు రుసుము చెల్లించినచో గరిష్ఠముగా మూడేండ్లవరకు ఈ సవరణలు లభించును. ఆ రుసుము యంత్రమునకింత యని ఉండి, ఏటేటికి రెట్టింపగును. కావున ఇది తాత్కాలిక సదుపాయమే. మార్పు తప్పదు.

ముందు ప్రతులు, తరువాత మార్పు

ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో నమోదైన పద్దులు మన యంత్రములో ఉండవు; దూరముననున్న సర్వరులలో ఉండును. మన యంత్రము చెడినను అవి చెడవు. కాని గ్రామసభ తీర్మానముల ప్రతులు, దరఖాస్తులతో జతపరచిన పటములు, అర్హుల జాబితాలు, పైయధికారులకు వ్రాసిన ఉత్తరములు తరచుగా కార్యాలయపు యంత్రములోనే ఉండును. యంత్రము పోయిన మరియొకటి కొనవచ్చును. ఈ పత్రములు పోయిన కొనుటకు దొరకవు.

మన షెడ్యూల్డు ప్రాంతమున ఈ మాటకు మరింత బరువున్నది. 1996 నాటి పెసా చట్టము ప్రకారము నిధుల వినియోగమునకు పంచాయతీ గ్రామసభనుండి ధ్రువపత్రము పొందవలెను. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ప్రకారము హక్కుల నిర్ణయము గ్రామసభయొద్దనే ఆరంభము కావలెను. ఆధార పత్రము లేనిచో ఆ అధికారము వట్టిమాటగా మిగులును. పోడు భూమికి పట్టా కోరిన గిరిజన సోదరుడు తన పటమేదని అడిగిననాడు, వ్యవస్థ మార్చునప్పుడు పోయినదని చెప్పుట పంచాయతీకి శోభించునా?

కావున మార్పునకు ముందు రెండు ప్రతులు తీయవలెను. రెండును వేరువేరు డిస్కులపై ఉండవలెను. ఒకటి కార్యాలయపు బీరువాలోను, రెండవది వేరొక ప్రభుత్వ భవనమునను తాళము వేసి ఉంచవలెను. 2014 అక్టోబరు 12న తీరము దాటిన హుద్‌హుద్ తుఫాను ఈ కొండలలో చేసిన నష్టమును మీరెరుగుదురు. రెండు ప్రతులు ఒకే కప్పు క్రింద ఉన్నచో అవి రెండు కావు, ఒకటియే. ప్రతి తీసినంతమాత్రమున తృప్తి పడరాదు. దానిని వేరొక యంత్రములో తెరచి, నాలుగైదు పత్రములు చదివి చూడవలెను.

యంత్రమునకు అర్హత కలదా?

2021 అక్టోబరు 5న వెలువడిన విండోస్ 11 ప్రతి పాత యంత్రమునకును అమరదు. దానికి 64 బిట్ల ప్రాసెసరు, 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల నిల్వస్థలము, టి.పి.ఎం. 2.0 అను భద్రతా భాగము, సెక్యూర్ బూట్ అను సౌకర్యము కావలెను. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణముగా 2017లోను ఆ తరువాతను వచ్చిన ఎనిమిదవ తరమువి, అటుపైవి మాత్రమే అంగీకృతములు. ఈ అర్హతను పరీక్షించుటకు మైక్రోసాఫ్ట్ వారి పి.సి. హెల్త్ చెక్ అను ఉచిత ప్రోగ్రాము కలదు.

ఇచట ఒక హెచ్చరిక. పరీక్షలో టి.పి.ఎం. లేదని వచ్చినంతనే యంత్రమును తీసివేయ నిర్ణయింపరాదు. అనేక యంత్రములలో ఆ భాగము ఉండియు, లోపలి అమరికలలో ఆపివేయబడి యుండును. తెలిసిన సాంకేతికుడు దానిని తెరచినచో అదే యంత్రము అర్హమగును. అసలైన విండోస్ 10 ఉన్న అర్హ యంత్రమునకు విండోస్ 11 ఉచితముగనే లభించును.

అర్హతలేని యంత్రమునకు అడ్డదారిన విండోస్ 11 ఎక్కించెదమనువారును ఉందురు. అట్టి యంత్రములకు ముందుముందు సవరణలు అందునను హామీ లేదని ఆ సంస్థయే చెప్పినది. ఇక దొంగప్రతుల మాట చెప్పనవసరము లేదు. కంచె కొరకని దొంగనే కాపలా పెట్టుకొన్నట్లగును.

మార్పు జరుగు దినము

కొత్త వ్యవస్థ పరిమాణము 5 గిగాబైట్లకు మించును. సిగ్నలు సరిగా అందని గ్రామములలో దీనిని దింపుకొనుట కష్టము. మంచి నెట్ సౌకర్యమున్నచోట మైక్రోసాఫ్ట్ వారి అధికారిక స్థలమునుండియే 8 గిగాబైట్లకు తగ్గని పెన్‌డ్రైవులోనికి ఎక్కించి తెచ్చుకొనవలెను. పని నడుమ కరెంటు పోయినచో వ్యవస్థ చెడవచ్చును, యు.పి.ఎస్. బ్యాటరీని ముందుగా పరీక్షింపవలెను. ఉరుములు మెరుపులు గల దినమున ఈ పని పెట్టుకొనరాదు. ప్రజలు కొండదిగి వచ్చు సంతనాడును, పింఛనుల పంపిణీ జరుగు నెలారంభమునను యంత్రమును ముట్టరాదు. గంటల తరబడి నడచి వచ్చిన వృద్ధురాలిని రేపు రమ్మని పంపివేయు పరిస్థితి రాకూడదు.

సంతకము, వేలిముద్ర, తెలుగు అక్షరము

వ్యవస్థ మారిన పిమ్మట తరచుగా చిక్కు తెచ్చునవి మూడు. చెల్లింపులకు వాడు డిజిటల్ సంతకపు కీ మొదటిది. సంతకము ఆ కీలోనే భద్రముగా నుండును. కాని దానిని గుర్తించు డ్రైవరు అను ప్రోగ్రామును మరల ఎక్కింపవలసి రావచ్చును. వేలిముద్రల యంత్రమునకును, ప్రింటరునకును ఇదే న్యాయము. వాని డ్రైవర్లు కొత్త వ్యవస్థకు దొరకునో లేదో ముందే విచారింపవలెను. మూడవది తెలుగు. పాత అను ఫాంట్లలో టైపు చేసిన తీర్మానములు, ఆ ఫాంట్లు లేని యంత్రములో అర్థములేని గుర్తులుగా కనబడును. ఆ ఫాంట్లను కూడ ప్రతి తీసి ఉంచుకొని, ముఖ్య పత్రములను యూనికోడ్ తెలుగులోనికి మార్పించుట శ్రేయస్కరము.

పాతదానిపైననే కొత్త వ్యవస్థను ఎక్కించినచో, సాధారణముగా 10 దినములలోపల మరల పాతదానికి పోవచ్చును. కావున ఆ గడువులోనే సంతకము, వేలిముద్ర, ముద్రణ అన్నిటిని పరీక్షింపవలెను.

తాళపు సంఖ్య ఎవరియొద్ద ఉన్నది?

సభ్యులు ముఖ్యముగా గమనింపవలసిన విషయమిది. విండోస్ 11 అనేక యంత్రములలో డిస్కును తనంతట తానే గూఢలిపిలోనికి మార్చి తాళము వేయును. ఆ తాళమునకు 48 అంకెల సంఖ్య ఉండును. ఎవరి మైక్రోసాఫ్ట్ ఖాతాతో యంత్రమును ప్రారంభించినచో వారి ఖాతాలోనికే ఆ సంఖ్య చేరును. ఉద్యోగి తన సొంత ఖాతాతో ప్రారంభించి, పిదప బదిలీయై వెళ్లినాడనుకొందము. ఒకనాడు యంత్రము ఆ సంఖ్య నడిగినచో కార్యాలయమంతయు చేతులు కట్టుకొని కూర్చుండవలసినదే. కావున కార్యాలయపు ఖాతాతోనే ప్రారంభింపజేయవలెను. ఆ సంఖ్యను కాగితముపై వ్రాయించి, కవరులో మూసి, బీరువాలో ఉంచి, బదిలీ సమయమున తాళపుచెవులతోపాటు అప్పగింపజేయవలెను.

అర్హత లేని యంత్రములు

ఇట్టివి వ్యర్థములు కావు. లినక్స్ అను ఉచిత వ్యవస్థ తక్కువ శక్తిగల యంత్రములపైనను నడచును. కేంద్ర ప్రభుత్వ సంస్థయగు సి-డాక్ రూపొందించిన బాస్ ఈ కోవలోనిదే. అందు తెలుగునకు చోటున్నది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఎన్నో యేండ్లుగా లినక్స్‌తోనే విద్య గరపుచున్నవి. అయితే సంతకపు కీ, వేలిముద్రల యంత్రము దానితో పనిచేయునో లేదో పరీక్షింపక చెల్లింపుల యంత్రమును మార్చరాదు. ఉత్తరములు వ్రాయుటకు, పిల్లలు నేర్చుకొనుటకు అది చక్కగా ఉపకరించును.

బొత్తిగా పనికిరాని యంత్రమును పాతసామాను కొనువానికి తూకమునకు ఇయ్యరాదు. డిస్కులోని వివరములను పూర్తిగా తుడిపించి, అధికారుల ద్వారా, 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నిబంధనల ప్రకారము నమోదైన సంస్థకు చేర్చవలెను.

సభ్యులకు మనవి

మరమ్మతుదారుని పాడేరునుండియో, 110 కిలోమీటర్లకు పైబడిన దూరముననున్న విశాఖపట్నమునుండియో పిలిపించుకొనవలసిన మనకు ముందుచూపే రక్ష. వచ్చు సమావేశములోనే ఈ విషయమును చర్చకు తెండు. మన యంత్రములెన్ని, అర్హమైనవెన్ని, ప్రతులు ఎచట నున్నవి, తాళపు సంఖ్య ఎవరి అధీనమున నున్నది? ఈ నాలుగు ప్రశ్నలకు కార్యదర్శి సమాధానములను తీర్మానముల పుస్తకములో వ్రాయించుడు. ప్రతులను చదివి చూచినట్లు ఇద్దరు సభ్యులు సంతకము చేసిన పిమ్మటనే యంత్రముపై చేయి వేయుటకు అనుమతి నిండు. ప్రజలు మన చేతికప్పగించిన పత్రములను కాపాడుట మన ప్రథమ కర్తవ్యమని విన్నవించుచు, సెలవు తీసుకొనుచున్నాను.